టీచరమ్మ జామముక్కలు

టీచరమ్మ పోయారని మా ఆవిడ ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను పాయకరావుపేటలో ఒక పెళ్ళిభోజనంలో కూర్చుని ఉన్నాను. విస్తరి చివర ఎర్రటి జెల్లీ ముక్క ఒకటి వేశారు. ఫోన్ వచ్చేసరికి దాన్ని సగం తిన్నాను. మిగతా సగం వంక చూస్తూ కాసేపు కూర్చున్నాను. అది కదులుతోంది. తర్వాత అదీ తినేశాను. ఈ మాట ముందే రాసెయ్యడం మంచిది. తర్వాత రాయబోయేవి ఇంతకంటే సిగ్గుపడవలసిన సంగతులు.

టీచరమ్మ పక్కన ఉంటే తిననిచ్చేవారు కాదు. వంటవాణ్ణి పిలిపించి, ప్యాకెట్ తెప్పించి, "ఇందులో ఏటుందో సదివేవా నాయినా?" అని అడిగి, పెళ్ళికొడుకుతో సహా పంక్తి మొత్తాన్ని ఆపేసేవారు.

మా నర్సీపట్నంలో ఆవిడ గురించి ఎవర్ని అడిగినా మొదట చెప్పేది మెడలోని టేపు సంగతి. బాలికల హైస్కూల్లో కుట్టుపని టీచరుగా ముప్పై ఏళ్ళు చేశారు. రిటైరయ్యాక కూడా ఆ కొలత టేపు మెడలోంచి తియ్యలేదు. దానితో బజార్లో ఆనపకాయ కొలిచేవారు. పక్కపక్కనే ఉన్న మా రెండిళ్ళ మధ్య సందు కొలిచి, "నీ గోడ రెండంగుళాలు మాకేసి ఒంగిపోనాది బాబూ" అని ప్రతి వానాకాలం చెప్పేవారు. కోపం వస్తే టేపు తీసి చూపుడువేలికి చుట్టడం మొదలుపెట్టేవారు. పూర్తిగా చుట్టేలోగా అవతలివాడు తప్పు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఎవరూ అంతదాకా రానివ్వలేదు.

సొంతూరు రావికమతం వైపు పల్లె. బళ్ళో అన్నేళ్ళు చెప్పినా మాట మాత్రం ఆ పల్లెదే.

రెండో గుర్తు భూతద్దం. సూదిలో దారం ఎక్కించడానికి కొన్నది, చివరికి ప్యాకెట్ల వెనక సన్నక్షరాలు చదవడానికే సరిపోయింది. కిరాణా కొట్టులో ఆవిడ వెనక నిలబడ్డవాడు ఇంటికి వెళ్ళి స్నానం చేసి రావచ్చు. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ పైకి చదివేవారు. కొట్టువాడు విసిగిపోయి, "టీచర్ గారూ, అయి తినేసి బతికున్నోళ్ళు బోల్డుమంది ఉన్నారండి" అంటే, "ఆళ్ళు సదవనేదు గాబట్టి బతికున్నారు" అనేవారు.

ఈ చదువంతా ఒక జెల్లీ ముక్క వల్ల వచ్చింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ గుండీ కాజాలు బాగా కుట్టిన పిల్లకి సంచీలోంచి ఒక జెల్లీ ముక్క తీసి ఇచ్చేవారట. రిటైరైన ఏడాది ఆ ప్యాకెట్ మీద ఒక మాట అర్థం కాక గోడ మీంచి నన్ను పిలిచారు. నేను కాలేజీ ఆఫీసులో గుమస్తాని. చేతిలో ఫోనున్నవాడికి అన్నీ తెలుసునని ఆవిడ నమ్మకం.

"జెలటిన్ అంటే ఏటి బాబూ?"

ఫోన్లో చూసి, కాస్త మెత్తగా చెప్పవలసింది పోయి, ఉన్నదున్నట్టు చదివేశాను. పశువుల ఎముకలూ తోలూ ఉడకబెట్టి తీస్తారని. ఆవిడ టేపు వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టారు. కోపం ఎవరి మీదో తెలియక నేనే రెండడుగులు వెనక్కి వేశాను.

"ఎంతమందికి ఎట్టేనో," అన్నారు చివరికి.

మర్నాటి నుంచి ఊళ్ళో ఉన్న పాత శిష్యురాళ్ళకి గండం మొదలైంది. ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని బస్సెక్కబోతున్న మనిషిని అబీద్ సెంటర్లో భుజం పట్టుకుని ఆపి, "ఒలే, ఎనిమిదో తరగతిలో నీకు నానిచ్చిన జెల్లీలో ఎముకలున్నాయే. తెలీక ఎట్టీసేను. సెమించు" అనేవారు. ఆ మనిషి "పోన్లెండి టీచర్, అప్పుడు బాగానే ఉండీది" అంటూ బస్సు వెంట పరిగెత్తేది. అలా ఎంతమందికి చెప్పుకున్నారో నాకు తెలియదు. చెప్పిన ప్రతిసారీ మనిషి కాస్త తేలికపడేవారు. తప్పు చెప్పుకుంటే మనిషి తేలికవుతాడని నా కళ్ళతో చూశాను. చూసీ నేర్చుకోలేదు.

పాలు మానెయ్యడం ఆ తర్వాతి సంగతి. పాలవాడి గేదెకి పుట్టిన దూడ చచ్చిపోతే, దాని తోలులో గడ్డి కూరి, ఆ బొమ్మని గేదె ముందు నిలబెట్టి పాలు పితుకుతున్నాడని ఎవరో చెప్పారు. వెళ్ళి చూసొచ్చారు. "అది దాన్ని నాకుతున్నాది బాబూ" అని ఒక్క మాట అని, ఆ రోజు నుంచి పాలూ నెయ్యీ మానేశారు. కొన్నాళ్ళకి తేనె కూడా. మా కాలేజీకి కొత్తగా వచ్చిన లెక్చరరు ఒకాయన, "ఇలా ఉండేవాళ్ళని వీగన్ అంటారండీ" అని చెబితే, "వీగనో గీగనో, నాను రావికమతం దాన్ని" అన్నారు.

శిష్యురాళ్ళకి చెప్పుకోవడం అయ్యాక, వాళ్ళ పిల్లలకైనా మంచి ముక్క పెట్టాలని పట్టుదల పుట్టింది. ఎముకలు లేని, పాలు లేని, పండుతో చేసిన జెల్లీ. వేసవిలో రావికమతం నుంచి ఆవిడ మరదలు బుట్టనిండా జీడిమామిడి పళ్ళు పంపేది. గింజ తీసుకుని పండు పారేసే ఊళ్ళు మావి. ఆవిడ ఆ పారేసే పండు రసం తీసి, గొంతు పట్టకుండా గంజి కలిపి, పైకి తేరిన రసం వంచుకుని బెల్లంతో కాచేవారు. పళ్ళానికి నెయ్యి బదులు కొబ్బరినూనె. రుచి బాగుండేది గానీ ముక్క నిలబడేది కాదు. సగ్గుబియ్యం వేశారు, మొక్కజొన్న పిండి వేశారు, పచ్చి జామకాయ ఉడికించి పోశారు. ఏం వేసినా అది పళ్ళెంలో పడుకుని మన వంక చూస్తుండేది. ఆవిడ దాని పక్కన టేపు పరిచి అంగుళానికి అంగుళం గీతలు పెట్టి కోసేవారు. కత్తి పైకి తీసేలోగా గీతలు మూసుకుపోయేవి.

రుచి చూడమని మొదట నన్నే పిలిచేవారు. ఒకసారి "ఆఫీసులో తింటానండీ" అని ముక్కని చొక్కా జేబులో వేసుకున్నాను. మధ్యాహ్నానికి జేబూ, జేబులో ఉన్న ప్రిన్సిపాల్ గారి ఉత్తర్వూ, నేనూ ఒకటైపోయాం. ఇంకోసారి ఆఫీసులో గమ్ము అయిపోతే ఆవిడిచ్చిన దానితోనే నాలుగు కవర్లు అంటించాను. అవి ఈ రోజుకీ ఊడలేదు. సాయంత్రం "ఎలాగున్నాది బాబూ?" అని అడిగితే "అద్భుతమండీ" అన్నాను. ఎదుటి మనిషి మొహం మీద లేదనీ, కాదనీ, బాగోలేదనీ చెప్పడం నాకు రాదు. దాన్ని నేను చాలాకాలం మంచితనం అనుకున్నాను.

చైనా గ్రాస్ సంగతి ఆ లెక్చరరే ఆవిడకి చెప్పాడు. సముద్రపు నాచులోంచి తీస్తారనీ, తెల్లటి పీచులా ఉంటుందనీ, నానబెట్టి కాచి పోస్తే ముక్క నిలబడుతుందనీ. అప్పట్లో మా ఊరి కొట్లలో దొరకలేదు. కార్తీకం దగ్గరికొచ్చింది, జామపళ్ళు దిగాయి. ఆవిడ ఈసారి జామపండుతో చెయ్యాలనుకున్నారు. నేను ఆఫీసు పని మీద విశాఖపట్నం వెళ్తున్నానని తెలిసి చైనా గ్రాస్ తెమ్మని చెప్పడానికి గోడ దగ్గరికి వచ్చారు.

"మర్సిపోవు కదా?"

"అయ్యో, ఎలా మర్చిపోతానండీ."

మర్చిపోయాను. తిరుగు బస్సు ఎక్కబోతూంటే గుర్తొచ్చింది. బస్టాండు పక్కన బేకరీ సామాన్లు అమ్మే కొట్టు కనిపిస్తే పరిగెత్తాను. చైనా గ్రాస్ లేదన్నాడు. "ఈ పౌడర్ పట్టుకెళ్ళండి, దానికంటే బాగా గట్టిపడుతుంది" అని ప్యాకెట్ చేతిలో పెట్టాడు. బస్సులో కూర్చున్నాక దాన్ని తిప్పి చూశాను. మామూలుగా ఎవరూ చదవని సన్నక్షరాలు ఆ రోజు నేను చదివాను. జెలటిన్ అని ఉంది.

ఇక్కడ తెలియక జరిగిందని రాస్తే చదివేవాళ్ళు జాలిపడతారు. తెలిసే జరిగింది. అనకాపల్లి దాటాక ప్యాకెట్ చింపి, పొడిని నా టిఫిన్ డబ్బాలో పోసి, కాగితాన్ని కిటికీలోంచి వదిలేశాను. "మర్చిపోయానండీ" అన్న ఒక్క మాట అనలేక ఇంత పని చేశాను.

ఆవిడ డబ్బాలోకి తొంగి చూశారు. "పీసులాగుంటాదన్నాడు కదా?"

"ఇప్పుడు పొడి చేసి అమ్ముతున్నారండీ. ప్యాకెట్ చిరిగిపోతే డబ్బాలో పోసుకొచ్చాను."

"దాని మీద ఏటుందో సదివేవా?"

"చదివానండీ."

ఆ రోజు నేను చెప్పిన నిజం అదొక్కటే.

"నువ్వు సదివితే నాను సదివినట్టే," అని డబ్బా లోపలికి తీసుకెళ్ళారు.

ముక్కలు నిలబడ్డాయి. అంగుళానికి అంగుళం, ఇస్త్రీ చేసినట్టున్న అంచులు. వేలితో నొక్కితే లోపలికి వెళ్ళి మళ్ళీ పైకి వచ్చేవి. ఆవిడ ఒక ముక్కని అరచేతిలో పెట్టుకుని టేపుతో కొలిచారు. తిరగేసి మళ్ళీ కొలిచారు. "నిలబడ్డాది బాబూ," అన్నారు. ఆ రోజే పదకొండు ఇళ్ళకి పంచారు, ఉపవాసం ఉన్నవాళ్ళు కూడా బెంగ లేకుండా తినొచ్చని మరీ చెప్పి. మా ఆవిడ ఆ కార్తీక సోమవారం చుక్కని చూసి ఉపవాసం విడిచి, ఆ ముక్కలు అరిటాకులో పెట్టుకుని తింది. ఎన్ని తింటుందో లెక్కపెడుతూ పక్కన కూర్చున్నాను. ఆరు.

ఐదో రోజు పొద్దున్న టీచరమ్మ కొత్త వాయి చేసి, పళ్ళెం మీద ఉతికిన గుడ్డ కప్పుకుని మా గుమ్మంలోకి వచ్చారు. మా ఆవిడ నక్కపల్లిలో పుట్టింటికి వెళ్ళింది.

"బేగి స్కూటర్ తియ్యి బాబూ. గుళ్ళో నైవేద్యం ఎట్టించి, అక్కడున్నోళ్ళందరికీ పంచీద్దాం."

స్కూటర్ తాళం చేతిలో పట్టుకుని నిజం చెప్పేశాను. నైవేద్యమన్న మాట వినపడకపోతే చెప్పేవాణ్ణా అంటే, అనుమానమే.

టేపు వేలికి పూర్తిగా చుట్టుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. మొత్తం చుట్టేశాక ఏమీ జరగలేదు. మళ్ళీ మెల్లగా విప్పి మెడలో వేసుకున్నారు. పళ్ళెం మా అరుగు మీద పెట్టారు.

"స్కూటర్ తియ్యి," అన్నారు.

"ఎక్కడికండీ?"

"నానిచ్చిన ఇళ్ళన్నిటికీ."

మొదటి ఇల్లు రిటైరైన హెడ్మాస్టరు గారిది. నేను గేటు దగ్గర స్కూటర్ మీదే కూర్చున్నాను, ఇంజన్ ఆపకుండా. ఆవిడ లోపలికి వెళ్ళి, కూర్చోమన్నా కూర్చోకుండా, "మాస్టారూ, నానిచ్చిన జామముక్కల్లో ఎముకల పొడి పడిపోనాది. పొరపాటు నాది. సదవకుండా ఏసీసేను" అన్నారు. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళి నోరు పుక్కిలించడం మొదలుపెట్టారు. ముక్క తిని ఐదు రోజులైంది. మేం వీధి మలుపు తిరిగేదాకా ఆ పుక్కిలింత వినిపిస్తూనే ఉంది.

బీమా ఏజెంటు ఇంట్లో భార్య బుగ్గలు నొక్కుకుంటూంటే ఆయన గేటు దాకా వెనకే వచ్చాడు. గొంతు తగ్గించి, "మిగిలినయి ఏం సేస్తున్నారు టీచర్ గారూ? ఎలాగూ పారేసీవే అయితే మా ఇంటికేసి పారెయ్యండి" అన్నాడు. ఇంకో ఇంట్లో, "మీరు ఇన్నాళ్ళూ ఇచ్చినవాటికంటే అవే బాగున్నాయండీ" అన్నారు. స్కూటర్ ఎక్కాక ఆవిడ, "అన్నిటికంటే ఈ మాటే గుచ్చుకున్నాది బాబూ" అన్నారు.

ఏడో ఇంట్లో నవ్వుకోవడానికేమీ లేదు. అక్కడి పెద్దావిడ ఆ నెలంతా ఒంటిపూట భోజనం చేస్తానని నియమం పట్టింది. విన్నాక కుర్చీలోంచి లేవకుండా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నువ్వెట్టేవని తిన్నాను టీచరమ్మా, ఇంకోళ్ళెడితే తిందునా," అంది. టీచరమ్మ గుమ్మంలో చేతులు జోడించి నిలబడ్డారు. టేపు రెండు కొసలూ ముందుకి వేలాడుతున్నాయి. నేను ఇంజన్ ఆపేశాను. దిగలేదు.

పది ఇళ్ళయ్యేసరికి పొద్దు వాలింది. తిరిగి వస్తూ అడిగాను.

"ఒక్కచోట కూడా నా పేరు చెప్పలేదేమండీ?"

"నువ్వు దిగుతావేమో అని సూసేను," అన్నారు వెనకనుంచి.

మా గుమ్మం ముందు దిగాక అన్నారు. "పదకొండో ఇల్లు మీదే. ఇక్కడ నాను సెప్పను. నీ పెళ్ళాం రాగానే నువ్వు సెప్పు."

మా ఆవిడ వచ్చింది. నేను చెప్పలేదు. కార్తీకం వెళ్ళాక చెబుదామనుకున్నాను. కార్తీకం వెళ్ళాక, వెళ్ళిపోయిందాన్ని కదపడమెందుకు అనుకున్నాను. ఈలోగా తనే పూలమ్మి దగ్గర విని వచ్చింది.

"ఏటండీ, టీచరమ్మగారు జామముక్కల్లో ఎముకల పొడి వేసేసారట. మనకిచ్చినవీ అవేనా?"

"కాదు. మనది వేరే వాయి."

"అంత చదివే మనిషి అలా ఎలా వేశారో పాపం," అంది. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.

గోడ అవతల నుంచి టీచరమ్మ "సెప్పేవా?" అని రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ దగ్గాను. మూడోసారి "చెప్పానండీ" అన్నాను.

"ఏటంది?"

"ఏమీ అనలేదండీ."

"మంచి మనిషి," అని, గోడ మీంచి చెయ్యి చాపి ఒక జామముక్క నా అరచేతిలో పెట్టారు.

అప్పటికే ఆవిడ తనే బస్సెక్కి వెళ్ళి అసలైన చైనా గ్రాస్ తెచ్చుకున్నారు. ఊళ్ళో కొట్టువాణ్ణి పీడించి తెప్పించడం కూడా మొదలుపెట్టారు. ముక్కలు నిలబడుతున్నాయి. ఇంకో కొత్త అలవాటు కూడా వచ్చింది. పంచే ప్రతి డబ్బా అడుగునా ఒక కాగితం అంటించేవారు. ముక్కల్లో ఏమేం వేశారో గుండ్రటి అక్షరాలతో వరసగా రాసి, చివర "అన్నీ నేనే చదివి వేశాను" అని రాసేవారు. చూసినవాళ్ళు నవ్వుకునేవారు. నలుగురిలో ఉన్నప్పుడు నేనూ నవ్వాను.

ఆ తర్వాత జామపళ్ళు దిగిన ప్రతి ఏడూ అదే ప్రశ్న, అదే జవాబు, ఒక ముక్క. అలా మూడేళ్ళు. వయసు మీద పడి, అడిగిన సంగతి మరిచిపోయి మళ్ళీ అడుగుతున్నారనుకున్నాను.

టీచరమ్మ పోయిన పదకొండో రోజు భోజనాలకి మా ఆవిడ ఒంట్లో బాగోలేక రాలేదు. నేనొక్కణ్ణే వెళ్ళాను. వడ్డన అయ్యాక రావికమతం మరదలు లోపలికి వెళ్ళి ఒక స్టీలు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. "పోయే ముందు రోజు సేసింది బాబూ. మీ ఇంటికని ఫ్రిజ్జులో పక్కనెట్టింది."

గోడకి ఇటు రావడానికి ఇరవై అడుగులు. డబ్బా పట్టుకుని ఆ ఇరవై అడుగులూ నడిచి, మంచం మీద కూర్చున్న మా ఆవిడ ఎదురుగా కుర్చీ వేసుకుని మొత్తం చెప్పాను. బస్సూ, కిటికీలోంచి వదిలేసిన కాగితమూ, ఇంజన్ ఆపని స్కూటరూ, వేరే వాయీ.

"ఆ సోమవారం ఆరు తిన్నావు," అన్నాను చివర. ఎందుకన్నానో తెలియదు.

"ఏడు," అంది. "ఒకటి మీరు చూడకుండా తిన్నాను."

డబ్బా వంక చూసి, "అందుకా," అంది.

"ఏమిటి?"

"మీరు ఆఫీసుకెళ్ళాక ప్రతి ఏడూ పళ్ళెం పట్టుకుని వచ్చేవారు. చేతిలో పెట్టబోతూ, 'మీ ఆయన నీకేటైనా సెప్పేడా అమ్మా?' అని అడిగేవారు. దేని గురించో నాకేం తెలుసు? 'ఆయనేం చెప్తారండీ, ఆయన నోట్లోంచి మాట ఊడిపడితే కదా' అనేదాన్ని. 'అలాగైతే సెప్పేక తిందువు గాని' అని పళ్ళెం పట్టుకుని వెళ్ళిపోయేవారు. ముసలితనం, మతి తప్పిందనుకున్నాను. మూడేళ్ళూ నాకొక్క ముక్క పెట్టలేదండీ."

నాకు పెట్టారు. నేను చెప్పలేదని తెలిసీ, చెప్పానన్న ప్రతిసారీ పెట్టారు.

మా ఆవిడ డబ్బా తన వైపు లాక్కుంది. మూత తియ్యకుండా ముందు దాన్ని తిరగేసి, కళ్ళజోడు పెట్టుకుని, అడుగున ఉన్న కాగితం పైకే చదివింది. "జామపండు. బెల్లం. చైనా గ్రాస్. నిమ్మరసం. పళ్ళానికి రాసింది కొబ్బరినూనె. అన్నీ నేనే చదివి వేశాను."

అప్పుడు మూత తీసి ఒక ముక్క నోట్లో వేసుకుంది. తొందర లేకుండా నమిలి మింగింది. మూత పెట్టేసి డబ్బాని తన పక్కనే ఉంచుకుంది.

"ఆ పదిళ్ళవాళ్ళూ ఇంకా ఊళ్ళోనే ఉన్నారా?" అని అడిగింది.

"ఉన్నారు. ఏడో ఇంటి పెద్దావిడ కూడా ఉంది."

"స్కూటర్ తియ్యండి," అంది, జ్వరం మీదే చీరకొంగు నడుముకి చుట్టుకుంటూ.

హెడ్మాస్టరు గారు వరండాలోనే ఉన్నారు. గేటు ముందు ఇంజన్ ఆపాను. వెనక నుంచి మా ఆవిడ దిగలేదు. నేను దిగాను.